యోగాకని చెప్పి గుర్రపుస్వారీకి వెళ్తున్నాను

హైదరాబాద్ కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 48, ప్రభుత్వ రంగ బ్యాంకులో సీనియర్ మేనేజరు. చేతికొచ్చే జీతం నెలకు 1,15,000. భర్తది సొంత వ్యాపారం. అబ్బాయి బీటెక్ చివరి ఏడాది, అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది. అత్తగారు వీళ్ళ దగ్గరే ఉంటారు. ఇంటి అప్పు వాయిదా 38,000, ఇంకా ఆరేళ్ళు కట్టాలి.

మూడేళ్ళ క్రితం సహోద్యోగి కూతురిని దింపడానికి మొయినాబాద్ వైపున్న ఒక రైడింగ్ స్కూలుకి వెళ్ళి, ఆ రోజే పది నిమిషాలు గుర్రం ఎక్కారు. ఇక వదల్లేదు. ఇప్పుడు వారానికి మూడు రోజులు తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరి ఎనిమిదిన్నరకి ఇల్లు చేరుతున్నారు. ట్రాట్ అనే చిన్న పరుగు స్థిరపడింది, అంతకన్నా వేగమైన కాంటర్ ఈ మధ్యే కుదురుతోంది. నెలకు 12 క్లాసుల ప్యాకేజీ 15,000. ఇంట్లో మాత్రం యోగా క్లాసని చెప్పారు. నిజం తెలిసింది అమ్మాయికి ఒక్కదానికే. ఒకరోజు కారు డిక్కీలో బూట్లు, హెల్మెట్ చూసి అత్తగారు అడిగితే, స్నేహితురాలి కూతురివని చెప్పి తప్పించుకున్నారు. ఆ తర్వాత చుట్టాల్లో ఎవరో నడివయసావిడ స్వారీ నేర్చుకుంటోందన్న మాట వస్తే, “ఈ వయసులో గుర్రాలేమిటి, పిల్లల చదువులకి దాచుకోక” అన్నారట ఆ పెద్దావిడ. అన్నది వేరేవాళ్ళని. గుచ్చుకున్నది ఈవిడకి.

“గుర్రం మీదున్న గంటసేపు నేను నేనులా ఉంటాను. దిగి కారెక్కగానే దొంగతనం చేసి వస్తున్నట్టుంటుంది” అని రాశారు. ఇంతలో ఇంకో చిక్కు. ఆవిడ ఎక్కువగా ఎక్కే గుర్రం బాద్షా, తొమ్మిదేళ్ళది, రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్ జాతిది. దాన్ని 1,20,000కి అమ్ముతామంటున్నారు. కొని అక్కడే ఉంచితే నెలకు 28,000. నెలాఖరులోగా ఎవరూ తీసుకోకపోతే పెళ్ళి ఊరేగింపులవాళ్ళకి ఇచ్చేస్తామన్నారట. ఈవిడ పేరు మీద నాలుగు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, దాన్ని విరగ్గొట్టాలా అని ఆలోచిస్తున్నారు. క్లాసయ్యాక ఎడమ మోకాలు నొప్పి పెడుతోందని, అదీ ఎవరికీ చెప్పలేదని చివర్లో ఒక్క వాక్యం రాశారు.

ఆవిడ అడిగినవి మూడు. ఈ సంతోషం స్వార్థమా? ఇంట్లో చెప్పాలా? బాద్షాని కొనాలా?

జవాబు

అమ్మా, మీ ఉత్తరంలో దాదాపు ప్రతి పేజీలోనూ “తప్పు” అన్న మాట ఉంది. కానీ అన్నిచోట్లా అది ఒకటే తప్పు కాదు. ఒకచోట డబ్బు గురించి, ఒకచోట పొద్దున్నే ఇంట్లో లేకపోవడం గురించి, ఇంకోచోట అబద్ధం గురించి, ఆఖరి పేజీలో గుర్రం గురించి. అన్నీ కలిపి ఒకే మూట కట్టి మోస్తున్నారు కాబట్టి అంత బరువుగా ఉంది. విప్పి చూస్తే సగం మీవి కావు. మిగతా సగంలో సరిదిద్దుకోవలసినవి ఉన్నాయి, వాటిని సరిదిద్దుకోవచ్చు.

డబ్బుతో మొదలుపెడదాం, అంకెలు మీకు అలవాటైనవే కాబట్టి. స్వారీ ఖర్చు 15,000 అని రాశారు. అది ఫీజు మాత్రమే. రానూపోనూ 70 కిలోమీటర్లన్నారు. నెలకు 12 సార్లంటే 840 కిలోమీటర్లు. మీ కారు లీటరుకు 14 ఇచ్చినా 60 లీటర్లు, లీటరు 107 లెక్కన దాదాపు 6,400. గుర్రాన్ని చూసుకునే సైస్‌కి ఇచ్చేది వెయ్యి. హెల్మెట్, బూట్లు, బ్రీచెస్ (స్వారీ ప్యాంట్లు) ఏటా అరిగేదాన్ని నెలలకి పంచితే ఇంకో 600. మొత్తం 23,000. మీ జీతంలో సరిగ్గా అయిదో వంతు. ఇది ఘోరమైన అంకె కాదు, చిన్నదీ కాదు. మీరు దీన్ని ఎప్పుడూ పూర్తిగా కూడి చూసుకోలేదు. అందుకే అది మనసులో ఒకరోజు పది వేలుగా, ఒకరోజు యాభై వేలుగా కనిపిస్తోంది. లెక్క తెలియని ఖర్చు తెలిసినదానికన్నా ఎక్కువ భయపెడుతుంది.

వర్షం వల్లనో, ఆడిట్ వల్లనో నెలకు రెండు మూడు క్లాసులు పోతున్నాయనీ, పోయినవి మళ్ళీ ఇవ్వరనీ రాశారు. మూడు పోయిన నెలలో మీరు ఎక్కిన తొమ్మిది సార్లకి అయింది 21,400. అంటే ఒక్కోసారికి 2,400 దాకా. మీరే చెప్పిన ఎనిమిది క్లాసుల ప్యాకేజీ 11,000. దానికి పెట్రోలు, మిగతావీ కలిపితే 17,000 లోపే వస్తుంది, జీతంలో 15 శాతం. వారానికి రెండుసార్లు ఎక్కితే నేర్చుకున్నది జారిపోదు. వారానికి ఒక్కసారే అయితే మాత్రం, మీరిప్పుడున్న దశలో ప్రతిసారీ మొదటి ఇరవై నిమిషాలు కిందటి వారానిది గుర్తు చేసుకోవడానికే సరిపోతుంది. కాంటర్ పూర్తిగా కుదిరేదాకా రెండుకి తగ్గకండి.

ఇక ఇది స్వార్థమా అన్నది. అమ్మాయి ఫీజుకి నెలనెలా పక్కన పెడుతున్నారు. ఇంటి వాయిదా ఒక్కటీ తప్పలేదు. అబ్బాయి చివరి సెమిస్టర్ ఫీజు కట్టేశారు. ఇవన్నీ మీ ఉత్తరంలోనే ఉన్నాయి. ఇవి అయ్యాక మిగిలినదాంట్లోంచి మీ ఒంటికీ మనసుకీ ఖర్చు పెట్టుకుంటున్నారు. ఎవరి వాటా తీసి ఖర్చు పెడుతున్నారో ఒక పేరు చెప్పండి. చెప్పలేకపోతే అది స్వార్థం కాదు. పాతికేళ్ళుగా మీ జీతంలో మీ పేరు మీద ఒక పద్దు లేదు, కొత్తగా తెరిచేసరికి చేతులు వణుకుతున్నాయి, అంతే.

మీ వారు రెండేళ్ళ క్రితం 2,40,000 పెట్టి బైకు కొన్నప్పుడు ఎవరూ అడగలేదని రాశారు. నిజమే, అందులో అన్యాయం ఉంది. అయినా ఆ బైకుని ఈ మాటల్లోకి తేకండి. తెచ్చిన మరుక్షణం సంభాషణ మీ స్వారీ నుంచి ఆయన బైకు మీదకి మళ్ళుతుంది, మీరు చెప్పాలనుకున్నది లోపలే మిగిలిపోతుంది.

అబద్ధం సంగతి వేరు. ఇక్కడ మెత్తగా మాట్లాడలేను. కారెక్కగానే దొంగతనం చేసినట్టు అనిపించేది స్వారీ చేసినందుకు కాదు, ఇంటికెళ్ళి యోగా గురించి చెప్పాలి కాబట్టి. జీను మీద కూర్చున్నప్పుడు ఆ భావం లేదని మీరే రాశారు. స్వారీ మానేసినా అది పోదు. మూడేళ్ళు దాచిన విషయం అలాగే ఉంటుంది, ఓదార్పు మాత్రం చేజారుతుంది.

ఇంకొకటి ఉంది, మీరు దాని మీద ఎక్కువసేపు ఆగలేదు. ఈ రహస్యాన్ని మీతో పాటు మీ అమ్మాయి మోస్తోంది. నాన్న దగ్గర, నానమ్మ దగ్గర మీ తరఫున అబద్ధం నిలబెట్టాల్సిన పని పదిహేడేళ్ళ పిల్ల మీద పడింది, అదీ ఇంటర్ పరీక్షల ఏడాదిలో. ఒకరోజు నానమ్మ అడిగితే “అమ్మ యోగాకే వెళ్ళింది” అని తడబడకుండా చెప్పిందని మీరు ఊరటగా రాశారు. ఆ వాక్యాన్ని తల్లిగా ఇంకోసారి చదవండి. అమ్మ తనకి నచ్చిన పని చేసుకోవాలంటే దాక్కోవాలని ఆ పిల్ల నేర్చుకుంటోంది. రేపు తన ఇంట్లో తనూ అదే చేస్తుంది. చెప్పాలా వద్దా అన్న ప్రశ్నకి నా దృష్టిలో అన్నిటికన్నా బలమైన కారణం ఇదే.

ఎలా చెప్పాలన్నది మీ ఇంటి తీరు తెలిసిన మీరే నిర్ణయించుకోవాలి. ఒక దారి, ముందు మీ వారితో ఒంటరిగా చెప్పడం. భోజనాల దగ్గర వద్దు, అత్తగారి ఎదుట వద్దు. “మీకో విషయం మూడేళ్ళుగా చెప్పలేదు. యోగాకి కాదు, గుర్రపుస్వారీకి వెళ్తున్నాను. నెలకు 23,000 అవుతోంది. పిల్లల ఫీజులకి, ఇంటి వాయిదాకి ఎక్కడా లోటు రాలేదు. చెప్తే వద్దంటారేమోనని భయపడి దాచాను. దాచడం తప్పే.” ఇంతే చెప్పి ఆగండి. ఆయన మౌనంగా ఉంటే ఆ మౌనాన్ని నింపడానికి సంజాయిషీలు మొదలుపెట్టకండి. ఆయనకి కోపం వస్తే అది డబ్బు మీద కాక దాచినందుకు వచ్చే అవకాశమే ఎక్కువ. ఆ కోపం న్యాయమైనదే, కొన్నాళ్ళుండనివ్వండి. “అమ్మాయికి తెలుసా” అని అడిగితే అవునని చెప్పండి, అందులో పిల్ల తప్పేమీ లేదనీ చెప్పండి. తర్వాత ఏదో ఒక ఆదివారం ఆయన్ని స్కూలుకి తీసుకెళ్ళండి. ఫోన్లో ఫొటోలు చూపించడం వేరు, మీరు ట్రాట్‌లో లేస్తూ కూర్చుంటూ రెండు రౌండ్లు తిరగడం ఆయన కంచె దగ్గర నిలబడి చూడడం వేరు.

ఇంకో దారి, అమ్మాయి పరీక్షలయ్యేదాకా ఆగి అప్పుడు చెప్పడం. ఇంట్లో గొడవ వాతావరణం ఉండకూడదన్నది దాంట్లో మంచి. కానీ ఆ నెలలన్నీ అమ్మాయి అబద్ధం మోస్తూనే ఉంటుంది. ఈలోగా డిక్కీలో బూట్లు ఇంకెవరి కంటైనా పడితే, మీరు చెప్పినట్టు కాక పట్టుబడినట్టవుతుంది. ఈ రెండిటిలో నేనైతే మొదటిదాని వైపే మొగ్గుతాను.

అత్తగారికి మీ వారి చేతే చెప్పించండి. వయసు గురించి ఆవిడ అన్నదానికి వాదన పెట్టుకోనక్కర్లేదు. మీ ధైర్యం కోసం మాత్రం ఒకటి చెప్తాను. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో లోర్నా జాన్‌స్టన్ అనే బ్రిటిష్ మహిళ 70 ఏళ్ళ వయసులో, గుర్రంతో లయబద్ధంగా అడుగులు వేయించే డ్రెసాజ్ పోటీలో స్వారీ చేశారు. 2012 లండన్‌లో జపాన్ రౌతు హిరోషి హొకెత్సుకి 71. ఒలింపిక్స్‌లో ఆడా మగా ఒకే పోటీలో సమానంగా తలపడే ఆట ఇది. ఇందులో నడుం నిలకడకీ చేతి మెత్తదనానికీ ఉన్న విలువ కండబలానికి లేదు. 48 దీనికి మించిపోయిన వయసు కాదు.

కానీ 48 ఏళ్ళ ఒంటిని ఇరవై ఏళ్ళ ఒంటిలా వాడకూడదు. మీ మోకాలి నొప్పి గురించి ఒక్క వాక్యమే రాశారు గానీ అందులో “ఎడమ” అన్న మాట ముఖ్యం. గుర్రాన్ని ఎడమవైపు నుంచి ఎక్కుతాం. నేల మీద నుంచి ఎక్కితే ఎడమ కాలు రికాబులో, అంటే జీనుకి వేలాడే ఇనుప మెట్టులో పెట్టి, మోకాలు పూర్తిగా మడిచి, ఆ ఒక్క కీలు మీదే ఒళ్ళంతా మెలితిప్పి పైకి లేస్తాం. బాద్షా 15 హ్యాండ్స్ పైచిలుకు అన్నారు. ఒక హ్యాండ్ నాలుగంగుళాలు, అంటే దాని భుజం దగ్గర అయిదడుగులు దాటిన ఎత్తు. వారానికి మూడుసార్లు ఇలా ఎక్కితే మోకాలు మూలగక ఏం చేస్తుంది? 50 నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తున్న దిమ్మ మీద నిలబడి ఎక్కండి. స్కూల్లో లేకపోతే చెక్క స్టూలు గట్టిది ఒకటి చేయించుకోండి. ఇది గుర్రానికీ మంచిదే. కింద నుంచి ఎక్కే మనిషి బరువుకి జీను ఎడమకి లాగి దాని వెన్ను ఒరుసుకుంటుంది.

రికాబు పొడవు కూడా చూసుకోండి. ఎక్కే ముందు జీనుకి తోలుపట్టీ తగిలించిన చోట వేళ్ళ కొసలు ఆనించి, ఇంకో చేత్తో రికాబుని చంక వైపు లాగండి. ఇనుము చంకలోకి సరిపోవాలి. ఎక్కాక కాళ్ళు వదులుగా వేలాడేస్తే రికాబు అడుగు చీలమండ ఎముకకి తగలాలి. అంతకన్నా పొట్టిగా ఉంటే మోకాలు మడిచే ఉండిపోతుంది, పొడవైతే ట్రాట్‌లో అందుకోవడానికి వేళ్ళ మీద లేస్తారు. రెండూ నొప్పే. ట్రాట్‌లో లేచేటప్పుడు మోకాళ్ళతో జీనుని నొక్కి పట్టే అలవాటుందేమో మీ ఇన్‌స్ట్రక్టర్ని గమనించమనండి. కొత్తలో దాదాపు అందరికీ ఉంటుంది, భయం వల్ల. ఇవన్నీ మార్చాక కూడా నెలలో తగ్గకపోతే ఎముకల డాక్టరుకి చూపించండి. ఎలాగూ వెళ్తారు కాబట్టి ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ కూడా అడగండి. నెలసరి ఆగే వయసులో ఎముక వేగంగా పలచబడుతుంది. గుర్రం మీద నుంచి పడడం ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. పడ్డప్పుడు మణికట్టు విరుగుతుందా, దులుపుకుని లేస్తారా అన్నది చాలావరకు ఆ ఎముక మీదే ఆధారపడి ఉంటుంది.

హెల్మెట్ కొని ఎన్నేళ్ళయిందో రాయలేదు. అయిదేళ్ళు దాటితే మార్చండి. ఒక్కసారి గట్టిగా పడి తల తగిలినా మార్చండి, బయట గీత కూడా పడకపోయినా సరే. లోపలి నురుగు పొర ఒకసారి నొక్కుకుపోతే మళ్ళీ పని చేయదు. స్నేహితురాలిదో, స్కూల్లో వేలాడుతున్నదో వాడకండి.

బీమా విషయంలో చాలామంది ఊహలతోనే ఉంటారు. మన ఆరోగ్య బీమా పాలసీల్లో ప్రమాదకర క్రీడల మినహాయింపు ఒకటి ఉంటుంది. సాధారణంగా అది ఆ క్రీడల్ని వృత్తిగా చేసేవాళ్ళకి వర్తించేలా రాసి ఉంటుంది. అందులో గుర్రప్పందేలు ఉన్నాయి. సరదాగా నేర్చుకునేవారిని అది ఆపదు. వ్యక్తిగత ప్రమాద బీమా మాత్రం వేరు, కంపెనీని బట్టి స్వారీ మొత్తాన్ని మినహాయించవచ్చు. మీ రెండు పాలసీల కాగితాలు తీసి ఆ పేరా చదవండి. ఇంట్లో చెప్పకుండా స్వారీ చేస్తూ పడి ఆసుపత్రిలో చేరితే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు బాద్షా.

మీరు కారుస్తున్న కన్నీళ్ళలో అసలైనవి దీనికోసమే. మిగతా అపరాధ భావాలన్నీ వదిలించుకోమంటాను గానీ గుర్రం పట్ల ఉన్నదాన్ని మాత్రం వదలొద్దంటాను. దాని వీపు మీద మనం సంతోషపడుతున్నాం కాబట్టి దానికి మనం నిజంగానే బాకీ. అయితే ఆ బాకీ తీర్చడానికి కొనడమొక్కటే దారి కాదు. మీ విషయంలో అది మంచి దారి కూడా కాదేమో.

మీ బల్ల ముందుకి ఎవరైనా ఇలాంటి దరఖాస్తుతో వచ్చారనుకోండి. నెలకు కట్టవలసింది 28,000, ఇప్పటికే ఉన్న వాయిదా 38,000. రెండూ కలిపితే 66,000, జీతంలో 57 శాతం. కాలపరిమితి? జాగ్రత్తగా చూసుకుంటే గుర్రం 25 నుంచి 30 ఏళ్ళు బతుకుతుంది. 25 అనుకున్నా ఇంకా 16 ఏళ్ళు. ధరలు పైసా పెరగకపోయినా దాదాపు 54 లక్షలు. అప్పటికి మీకు 64. మీరు 60కే రిటైరవుతారు. చివరి నాలుగేళ్ళు, అదీ స్వారీకి పనికిరాని ముసలి గుర్రాన్ని, పింఛనుతో పోషించాలి. ఈ దరఖాస్తు మీద మీరు సంతకం పెడతారా? 1,20,000 అన్న ధర మిమ్మల్ని మాయ చేస్తోంది. అది నాలుగు నెలల పోషణ ఖర్చు, అంతే.

పైగా ఆ 28,000లో ఏమేమున్నాయో అడిగారా? సాధారణంగా దాణా, గడ్డి, సైస్, గది ఉంటాయి. లాడాలు అయిదారు వారాలకోసారి మార్చాలి. ఏడాదికోసారి పళ్ళు అరగదీయించాలి, లేకపోతే దవడ పళ్ళ అంచులు పదునెక్కి బుగ్గలు కోసుకుంటాయి, గుర్రం దాణా నోట్లోంచి జార్చేస్తుంది. ధనుర్వాతం టీకా, నులిపురుగుల మందు, పశువైద్యుడి ఫీజు, సొంత జీను. ఇవి చాలాచోట్ల విడిగా ఉంటాయి. 450 కిలోల గుర్రానికి రోజుకి ఏడు నుంచి తొమ్మిది కిలోల ఎండుమేత కావాలి, అదీ కొంచెం కొంచెంగా రోజంతా. దాని పొట్ట చిన్నది, ఆమ్లం మాత్రం ఆగకుండా ఊరుతూనే ఉంటుంది. గంటల తరబడి ఖాళీగా ఉంచితే పుండ్లు పడతాయి. రేసు గుర్రాల్లో ఇది మరీ ఎక్కువ. గడ్డి తగ్గించి ఉలవలు, శనగలు ఎక్కువ పెట్టి ఒళ్ళు నిగనిగలాడించే చోట గుర్రం బాగున్నట్టే కనిపిస్తుంది, లోపల బాగుండదు. కోలిక్ అనే కడుపునొప్పి వస్తే గుర్రానికి వాంతి చేసుకునే వీలే లేదు. పదేపదే పక్కటెముకల వైపు తిరిగి చూడడం, కాలితో నేల గీరడం, పొర్లడం, పేడ వేయకపోవడం కనిపిస్తే గంటల్లో డాక్టరు రావాలి. రాత్రి రెండింటికి ఫోనొస్తే 35 కిలోమీటర్లు వెళ్ళేది యజమానే. అది మీరు.

అన్నీ తెలిసి కూడా కొనాలనిపిస్తే, డబ్బిచ్చే ముందు అమ్మేవాళ్ళ డాక్టరు కాక మీరు పిలిపించిన గుర్రాల డాక్టరు చూడాలి. గట్టి నేల మీద తిన్నగా ట్రాట్ చేయించి చూస్తారు, కాలు ఒక నిమిషం మడిచి పట్టి వదలగానే పరిగెత్తించి కుంటుందేమో చూస్తారు. ముందుకాళ్ళ వెనక స్నాయువులు (కండరాన్ని ఎముకకి కలిపే టెండన్లు) వాచి ఉన్నాయేమో తడిమి చూస్తారు, ఎందుకంటే రేసు గుర్రాలు రిటైరవడానికి తరచుగా కారణం అక్కడే ఉంటుంది. నొప్పి మందులిచ్చి చూపిస్తున్నారేమో తెలియడానికి రక్తం తీయించండి. గ్లాండర్స్ పరీక్ష కాగితం అడగండి. అది మనుషులకీ సోకే జబ్బు, ఖాయమైతే గుర్రాన్ని చంపాల్సిందే. గ్లాండర్స్ పరీక్ష హర్యానాలోని హిసార్ జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో చేస్తారు. నెలాఖరులోగా ఇవన్నీ కుదరవంటే, తొందర పెట్టే ఆ గడువే మీకు జవాబు. ఈ పరీక్షలు తేలేదాకా బయానా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

మధ్యే దారి ఒకటుంది, సగం లీజు. యజమాని వేరేవాళ్ళు, పోషణలో సగం మీరు భరిస్తారు, వారానికి మూడు రోజులు గుర్రం మీది. బాద్షాని ఇంకెవరైనా రైడరు కొనుక్కునేలా ఉంటే ఇది అడగవచ్చు. సగం 14,000, పెట్రోలు 6,400, ఇప్పుడు పెడుతున్నదానికి దగ్గర్లోనే ఉంది. కానీ క్లాసు ఫీజు అందులో ఉండదు, మీకింకా వారానికి ఒక క్లాసైనా కావాలి. గుర్రం కుంటి పడి రెండు నెలలు ఎక్కడానికి లేకపోయినా డబ్బు కట్టాలి. అందుకే కాగితం రాసుకోండి. ఏ రోజులు ఎవరివి, డాక్టరు ఖర్చు ఎవరిది, మిగతా రోజుల్లో ఎవరెక్కుతారు, దూకించవచ్చా లేదా, మానుకోవాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. స్నేహితుల మధ్య కాగితాలేమిటని మొహమాటపడితే, మొదటి డాక్టరు బిల్లుతోనే స్నేహం పోతుంది.

ముగ్గురు నలుగురు కలిసి కొనడం గురించి కూడా రాశారు. కొనేరోజు అందరూ ఉంటారు, 20 ఏళ్ళ గుర్రం దగ్గర ఎవరు మిగులుతారో చెప్పలేం. నేను వద్దనే అంటాను.

ఊరేగింపులకి పోతుందన్న మాట మీ నిద్ర చెడగొడుతోంది. అది ఉత్త భయం కాదు. రేసు గుర్రం ఉలిక్కిపడే స్వభావంది, బ్యాండు మోతల మధ్య, టపాసుల మధ్య తారురోడ్డు మీద దానికి నరకమే. కానీ కొనడానికీ ఊరుకోవడానికీ మధ్య చేయగలిగినవి ఉన్నాయి. తోటి రైడర్లందరికీ చెప్పి మంచి చోటు వెతకండి. ఊళ్ళో ఇంకా రైడింగ్ స్కూళ్ళున్నాయి, క్లాసులకి అలవాటుపడ్డ తొమ్మిదేళ్ళ గుర్రం వాళ్ళకి పనికొస్తుంది. చోటు దొరికేదాకా రెండు నెలల పోషణలో కొంత భరిస్తానని మీ స్కూలుకి ఒక మాట చెప్పండి. ఇది మీకు అందుబాటులో ఉన్న సాయం, పైగా దీనికొక హద్దుంది. ఆ డబ్బు, మీరు ఎనిమిది క్లాసుల ప్యాకేజీకి మారితే నెలకు మిగిలే 6,000 నుంచి ఇవ్వవచ్చు, ఎఫ్‌డీ జోలికి పోనక్కర్లేదు.

గుర్రాల బాకీ రోజూ తీర్చుకునే పద్ధతులు కూడా ఉన్నాయి. మీ కంటే ముందు అదే గుర్రం ఆ పొద్దున రెండు క్లాసులు చేసి ఉంటే వేరేది అడగండి. జీను వేసే ముందు, జీనుని పొట్ట కింద నుంచి బిగించే నడుంపట్టీ పడే చోట, వీపు మీద చేత్తో తడమండి. పుండో వాపో ఉంటే ఆ రోజు ఎక్కకండి, ఫీజు పోయినా సరే. ఎక్కి అయిదు నిమిషాలు నడిపించాక నడుంపట్టీ మళ్ళీ బిగించండి, మొదట్లో గుర్రం పొట్ట ఉబ్బించి ఉంటుంది. జీనుతో, బట్టలతో కలిపి మీ బరువు గుర్రం బరువులో 20 శాతం దాటకూడదు. మీ 68 కిలోలకి జీను పది కలిపినా బాద్షాకి ఇబ్బంది లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఏడున్నర దాటాక కాంటర్ వద్దు. చివరి పది నిమిషాలు పగ్గాలు వదులు చేసి నడిపించి, ఊపిరి నెమ్మదించాకే లోపలికి పంపండి.

ఒకవేళ మీ వారు “పిల్ల సీటు తేలేదాకా ఆపు” అంటే, అది ఒప్పుకోదగ్గ మాటే, మీకు తారీఖు కావాలి అంతే. ఫలానా నెల నుంచి మళ్ళీ వారానికి రెండు రోజులు అని ఆ రోజే అనుకోండి. తారీఖు లేని విరామం మానేయడంగా మారుతుంది, ఆ తర్వాత ఇంట్లో ఎవరి మీదో కోపంగా మారుతుంది. ఆ నెలల్లో పదిహేను రోజులకోసారి వెళ్ళి సైస్‌తో పాటు గుర్రానికి మాలీషు చేసి రండి. పెట్రోలు తప్ప ఖర్చు లేదు, గుర్రాల మధ్య చేతి అలవాటు పోకుండా ఉంటుంది.

బాద్షా వేరే చోటుకి వెళ్ళిపోతే ఏడుపొస్తుంది. ఏడవండి, గుర్రం కోసం ఏడవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వెళ్ళే రోజు క్యారట్లు తీసుకెళ్తారు కదా, గుండ్రంగా తరగకండి, గొంతులో అడ్డం పడతాయి. వేలంత పొడుగు ముక్కలుగా కోసి, అరచేయి బల్లపరుపుగా చాపి, బొటనవేలు లోపలికి మడవకుండా పక్కకి ఆనించి పెట్టండి.